ఒక్కడికే చోటు

సుత్తి దెబ్బకు రేకు ఎంత కదిలిందో యల్లప్ప కంటితో చూడడు, బొటనవేలితో తడిమి తెలుసుకుంటాడు. కారు ముక్కు దగ్గర ఇంకా ఒక చిన్న సొట్ట మిగిలింది. రేకును ఇసుక మూట మీద బోర్లించి కొయ్యసుత్తితో మెల్లగా తట్టాడు. పొద్దుటి నుంచి ఎడమ భుజం లాగుతోంది. ఇన్నేళ్ళు సుత్తి పనిలో అరిగిన ఒళ్ళు లాగక ఏం చేస్తుంది అనుకుని ఇంకో దెబ్బ వేశాడు.

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద అతని షెడ్డు. టమోటా మార్కెట్టుకు వచ్చే వ్యాన్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు అతని చేత దెబ్బలు తిన్నవే. ఏ వ్యానుకూ బుద్ధి రాలేదు, మళ్ళీ ఎక్కడో గుద్దుకుని వచ్చేవి. కానీ రెండేళ్ళుగా షెడ్డు నడుమ ఉన్నది రేసు కారు. పైకప్పు లేదు, తలుపుల్లేవు. నాలుగు చక్రాలూ ఒంటికి ఎడంగా బయటికి పొడుచుకుని ఉంటాయి. మధ్యలో ఒక్క మనిషికి, అదీ బక్కపలచటివాడికి, కాళ్ళు చాపుకుని కూర్చునేంత చోటు.

దాన్ని తీసుకుపోవడానికి ఈ రోజు లారీ వస్తోంది. బెంగళూరులో పాత కార్లు పోగుచేసే ఒకాయన కొన్నాడు. యల్లప్పకు ఒకే కోరిక మిగిలిపోయింది. ఆ చోటులో ఒక్కసారి కూర్చోవాలి.

షెడ్డు తనది, తాళం తనది, కూర్చుంటే వద్దనేవాళ్ళెవరు? పెట్రోలు బంకు కుర్రాళ్ళు కూర్చున్నారు. పక్కవీధి పెళ్ళికొడుకు కూర్చుని ఫోటోలు తీయించుకున్నాడు. ఒకసారి కోడి కూడా ఎక్కి గుడ్డు పెట్టి పోయింది. యల్లప్ప మాత్రం కూర్చోలేదు. పిచ్చి అనుకోండి, పంతం అనుకోండి, అతను అలాంటి మనిషి.

కారు కుప్పం చెంగల్రాయుడిది. యల్లప్ప కురబలకోటలో గొర్రెల వెంట తిరగడం మాని మద్రాసు చేరిన కొత్తలో అప్పట్లో అక్కడే ఉండే ఆయన దగ్గర పనికి కుదిరాడు. ఫియట్ ఇంజనూ, ఇనుప గొట్టాలూ, అల్యూమినియం రేకులూ పెట్టి ఆయన సొంతంగా కట్టించుకున్న కారు అది. మద్రాసు పక్కన షోలవరంలో, విమానాలు దిగడం మానేసిన పాత మైదానం మీద కారు పందేలు జరిగేవి. ఆ కారుకు స్టార్టరు లేదు, వెనక నుంచి తోయాలి. ఆ తోసేవాడు యల్లప్ప. ఇంజను అందుకోగానే కారు అరచేతుల్లోంచి జారిపోయేది. పొగలో దగ్గుకుంటూ అతను వెనక నిలబడిపోయేవాడు.

ఒక పందానికి ముందురోజు సాయంత్రం చెంగల్రాయుడు అన్నాడు: "రేపు గెలిస్తే నిన్ను దాంట్లో కూసోబెట్టి ఒక రౌండు తోలమంటా రా."

మర్నాడు మూడో స్థానం వచ్చింది. మరుసటి ఏడాది ఒక మలుపులో కారు పల్టీ కొట్టి ఆయన తొడ విరిగింది. కారు కుప్పంలో పట్టుపురుగుల షెడ్డుకు చేరి, వెదురు తట్టల వెనక నలభై ఏళ్ళు పడి ఉంది. మళ్ళీ బాగుచేయించాలని బుద్ధి పుట్టినప్పుడు ఆయన ఇంజను కుప్పంలోనే మెకానిక్కుకు చూపించి, ఒంటి పనికి కారును యల్లప్పకు పంపాడు. ముక్కుకీ పక్కలకీ కొలతలు తీసుకోవలసి వచ్చింది గానీ, తోకకు అక్కర్లేకపోయింది. రెండు అరచేతులూ ఆనించి చూసుకుంటే సరిపోయింది.

ఎండ ముదిరాక లారీ వచ్చింది. డ్రైవరు ధనుష్ పక్కనుంచి చెంగల్రాయుడు చేతికర్రతో దిగాడు. దారిలో కుప్పంలో ఎక్కాడట, తిరిగి అక్కడే దిగుతాడు. కారు చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. లోపలికి ఒక కాలు ఎత్తబోయాడు. తొడ వంగలేదు. ఎవరూ చూడలేదన్నట్టు కాలు దించేసుకున్నాడు.

"అట్లే ఉండాది రా," అన్నాడు.

పలకల మీదుగా కారును లారీలోకి ఎక్కించారు. పక్క కొట్ల నుంచి వచ్చిన నలుగురు అటూ ఇటూ పట్టారు, యల్లప్ప వెనక నుంచి తోశాడు. పైకి చేరేసరికి ఛాతీ బిగబట్టినట్టయింది. తాళ్ళు కట్టేదాకా చక్రాన్ని పట్టుకుని నిలబడి, కిందికి దిగాడు.

"సీటు ఎట్లుండాది? కూసుంటే ఒత్తుకుంటాదా?" అని అడిగాడు చెంగల్రాయుడు.

"తెలీదన్నా. నేను కూసోలేదు."

"రెండేండ్లు నీ దగ్గరే ఉండాదే! యాల కూసోలేదు?"

"గెలిస్తే కూసోబెడతానంటిరి కదన్నా. మనం గెలవలేదు."

చెంగల్రాయుడికి ఆ మాటే గుర్తులేదు. గుర్తులేదన్నది ఆయన ముఖంలో కనిపించి యల్లప్పకు సిగ్గేసింది. ఇన్నేళ్ళూ ఒక్కడే మోసిన మాట అది.

"ఎక్కు రా," అన్నాడాయన చేతికర్రతో కారును చూపించి. "పుంగనూరు దాకా దాంట్లోనే కూసో. ఆడ దిగి బస్సుకు వద్దువు."

"పోలీసోళ్ళు చూస్తే నా ప్రాణం తీస్తారు సార్," అన్నాడు ధనుష్.

"నేను మాట్లాడతాలే. ఎక్కు యల్లప్పా."

యల్లప్ప చెప్పులు కింద విడిచి ఎక్కాడు. ఆ చోటు అతని నడుమునూ వీపునూ సరిగ్గా పట్టుకుంది. ఎంత బాగుందో! చిన్నపిల్లవాడిలా నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. లారీ కదిలింది. ముఖానికి గాలి కొడుతోంది. స్టీరింగు కాస్త తిప్పితే ముందు చక్రాలు తాళ్ళలోనే కొద్దిగా కదిలాయి. వెనక నుంచి వచ్చిన టమోటా వ్యానొకటి హారను కొట్టి దాటింది. దాని వెనక తలుపు తను సరిచేసిందే. భుజంలో నొప్పి ఛాతీలోకి దిగి, తర్వాత ఎటో పోయింది. నిద్ర ముంచుకొచ్చింది. ఇక తోయవలసింది ఏమీ లేదు కదా అని కళ్ళు మూసుకున్నాడు.

పుంగనూరులో టీ కొట్టు దగ్గర లారీ ఆగింది. ధనుష్ పైకెక్కి చూసి, "నిద్రపోతా ఉండాడు సార్," అన్నాడు.

"పోనీలే. టీ ఇచ్చి లేపు."

ధనుష్ గ్లాసు పట్టుకుని మళ్ళీ ఎక్కాడు. భుజం తట్టాడు. ఇంకోసారి తట్టి, గ్లాసు పక్కన పెట్టి కింద ఉన్న చెంగల్రాయుడి వైపు చూశాడు. యల్లప్ప చనిపోయాడు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. చెంగల్రాయుడు లారీ చెక్క పట్టుకుని "ఒరే యల్లప్పా" అని పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. ఆ తర్వాత పిలవలేదు.

మదనపల్లెకు ఇంకా కబురు రాలేదు. అతని భార్య అక్కమ్మ అన్నం తీసుకుని షెడ్డుకు వచ్చింది. అతను కారులో కూర్చుని లారీ మీద పోయిన సంగతి పక్క కొట్టువాళ్ళు చెబితే పగలబడి నవ్వింది.

"ఈ వయసులో ఈయప్పకు మతిపోయినట్టుండాది. కాళ్ళకేమీ లేకుండా పోయినాడు సూడు!"

లారీ నిలిచిన చోట నడిఎండలో యల్లప్ప చెప్పులు ఉన్నాయి. తిరిగొచ్చి వేసుకుంటే పాదాలు చుర్రుమంటాయని అక్కమ్మ వాటిని తీసి షెడ్డు నీడలో, ఒకదాని పక్కన ఒకటి సర్దిపెట్టింది. మడమల దగ్గర అరిగి, వేళ్ళ గుంటలు పడిన ఆ చెప్పులు మెల్లగా చల్లబడుతున్నాయి.