వెనక సగం

"బీరువాకి కూలీ ఎందుకురా దండగ? మన పహిల్వాన్ ఉందిగా!" అంది మా అత్తగారు మా ఆయనతో, గిన్నెలు అట్టపెట్టెలో సర్దుతూ. ఆవిడ పహిల్వాన్ నేనే. ఇల్లు మారడం ఆదివారం. నా సెలక్షన్ పోటీ కూడా ఆ ఆదివారమే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తులేదు.

నేను షాట్‌పుట్ ఆడతాను. ఆ ఇనుప గుండే నాకు ఉద్యోగం తెచ్చిపెట్టింది. అయినా ఆఫీసులో ఫైళ్ల అల్మారా జరపాలంటే "మేడమ్, ఒక చెయ్యి వెయ్యండి" అంటారు, నా జబ్బల వంక చూసి నవ్వుకుంటూ. ఇంట్లో గ్యాస్ బండ ఎప్పుడూ నాదే. పెళ్లయిన కొత్తలో ఫోటో దిగుతుంటే "భుజాలు కనపడకుండా శాలువా కప్పుకో" అన్న మా ఆయనకు, బస్తాలు మేడెక్కించాల్సి వస్తే మాత్రం ఆ భుజాలే గుర్తొస్తాయి. నాకు నవ్వొస్తుంది, ఒళ్లూ మండుతుంది. నిజం చెప్పొద్దూ, ఈ ఒళ్లంటే నాకు ముద్దు. గుండు మెడకు ఆనించి మోకాళ్లు వంచి తిరిగేటప్పుడు అరికాలి నుంచి వేలికొసల దాకా నేనంతా ఒకే పనిలో ఉంటాను. మిగతా రోజంతా అలా ఎక్కడ కుదురుతుంది? ఒక చెవి కుక్కర్ మీద, ఒక కన్ను గడియారం మీద.

ఆ తొందరే నా కొంప ముంచింది. గుండు కింద పడేదాకా, నిలబడి విసిరే వలయంలోనే ఉండాలి. పడ్డాక వెనక సగం నుంచే బయటికి రావాలి. ముందు నుంచి దిగితే ఫౌల్. కిందటి పోటీలో నేనెప్పుడూ విసరనంత దూరం విసిరాను. విసిరి, ఎవరో కేకేసినట్టు గబగబా ముందు నుంచి దిగిపోయాను. ఎర్రజెండా లేచింది. కోచ్ మేడమ్ తల పట్టుకుంది.

"ఎక్కడికే ఆ పరుగు? పొయ్యి మీద పాలు పెట్టి వచ్చావా?"

ఈసారి కూడా జట్టులోకి రాకపోతే సాయంత్రం ప్రాక్టీసుకి పంపేది లేదని ఆఫీసరు తేల్చి చెప్పేశాడు. అంటే ఇక ఆట ముగిసినట్టే.

ఆదివారం పొద్దున బూట్లు కట్టుకుంటుంటే మా ఆయన వచ్చాడు.

"ఈ వయసులో ఇంకేం సాధిస్తావ్? సరేలే, లారీ వచ్చేసరికి వచ్చెయ్."

"కూలీని మాట్లాడుకోండి," అన్నాను. జోకనుకుని నవ్వాడు.

మైదానంలో నా వంతులన్నీ అయిపోయి చివరిది మిగిలింది. ముందు విసిరినవేవీ చాలలేదు. గుండు మెడకు ఆనించాను, తిరిగాను, గొంతు చించుకుని అరిచాను. చేతిలోంచి వెళ్తుండగానే తెలిసిపోయింది, ఇది దూరం పోతుందని. అది ఇంకా గాలిలో ఉండగానే కంచె అవతల నుంచి మా ఆయన కేక వినిపించింది.

"ఏమోయ్! బీరువా మెట్ల మధ్య ఇరుక్కుపోయింది! తొందరగా రా!"

నా కాలు ముందుకు లేచింది. లేచిన కాలిని వెనక్కి తెచ్చి వలయంలోనే ఆనించాను. జట్టుకి కావలసిన గీత దాటి గుండు ధబ్బున పడింది. చెమట పట్టిన ఒళ్లంతా హాయిగా ఉంది. తీరిగ్గా వెనక్కి తిరిగి, వెనక సగంలోంచి బయటికి నడిచాను. తెల్లజెండా లేచింది.

"ఏయ్, నిన్నే! వినపడ్డంలా?"

వినపడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన పిలిస్తే నేను "వస్తున్నా" అనకపోవడం అదే మొదలు.