తీసా దాటాక

పరీక్ష పెట్టే మనిషి రొట్టె తింటూ వస్తే, అది కూడా పరీక్షలో భాగమే అనుకోవాలా? ఆ పొద్దున నన్ను పట్టుకున్న మొదటి సందేహం అది. జివాన్ గారు ఒక చేత్తో గసగసాల రొట్టె, ఇంకో చేత్తో పెన్సిలు పట్టుకుని మా విమానాల క్లబ్బు గడ్డి మైదానంలోకి నడిచి వచ్చారు. విమానం చుట్టూ తిరిగారు. రెక్క మీద గసగసాలు కాసిని రాలాయి. తుడవాలా, వద్దా? రెక్క శుభ్రంగా ఉందో లేదో చూసుకోవడం పైలట్ పని. ఆయన రాల్చినవాటిని ఆయన కళ్ల ముందే తుడిస్తే ఆయన్ని తప్పుపట్టినట్టు ఉంటుంది. చివరికి తుడిచాను. ఆయన కాగితం మీద ఏదో గీత గీశారు. మంచి గీతో చెడ్డ గీతో నాకు అర్థం కాలేదు.

ఈ అనుమానాలు నాకు పుట్టుకతో వచ్చినవి కావు. నా పేరు విదోసవ, జ్రెన్యానిన్ పట్నం నుంచి చుట్టుపక్కల ఊళ్లకు బస్సు నడుపుతాను. స్టాపు లేని చోట ఏ ముసలమ్మ అయినా సంచి ఎత్తి చూపిస్తే ఆపేస్తాను. మనుషులు అడిగిన దాంట్లో లోతు వెతికే అలవాటు నాకు లేదు. దాన్ని నూరిపోసింది నాకు విమానం నేర్పిన లాయోష్.

"జివాన్ జిత్తులమారి. పైకెక్కాక తప్పుడు పనులు అడుగుతాడు. సిగరెట్ కాల్చుకోనా అంటాడు. టోపీ వెనక్కి పడింది, కాస్త అందుకో అంటాడు. పెద్దాయన కదా అని సరే అన్నావో, అంతే సంగతులు. విమానంలో నువ్వే యజమానివి. కుదరదని మొహం మీదే చెప్పు" అని వారం రోజులుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు.

నేను వినక ఏం చేస్తాను? క్రిందటి ఏడు ఒకసారి తప్పాను. దిగేటప్పుడు మైదానం సగం అయిపోయాక గాని చక్రాలు నేలను తాకలేదు. ఆ చలికాలమంతా డిపోలో మగాళ్లు నన్ను వేపుకు తిన్నారు. బస్సుకు రెక్కలు ఎప్పుడు బిగిస్తున్నావని ఒకడు, టికెట్ ఎంత పెడతావని ఒకడు. ఈసారి కూడా తప్పితే మళ్లీ మొదటి పాఠం నుంచి రావాలి. నలభై దాటినదాన్ని, నాకంత ఓపిక లేదు. ఇవాళ నెగ్గితే పైలట్‌ని, లేకపోతే రిటైరయ్యే దాకా వాళ్లకు నవ్వులాటని.

ముందు దిగడాలు చేయించారు. ఈసారి చక్రాలు అనుకున్న చోటే తాకాయి. తరవాత పైకి వెళ్లాం. మలుపులన్నీ తిప్పించారు. ఉన్నట్టుండి ఇంజిన్ హోరు తగ్గిపోయింది. చూస్తే మీట మీద ఆయన చెయ్యి ఉంది. "ఇంజిన్ ఆగిపోయింది. ఇప్పుడేం చేస్తారు?" అన్నారు, టీలో చక్కెర ఎంత అని అడిగినట్టు. బీటు దుంపల చేను వదిలేసి, గోధుమ కోసేసిన చేను చూపించి అటు తిప్పాను. కొంత కిందికి దిగాక ఆయనే మళ్లీ మీట ముందుకు తోసి, ఆవలించి, కళ్లు మూసుకున్నారు. అది నిద్రా, నిద్ర నటనా? పక్కన పరీక్షాధికారి నిద్రపోతే పైలట్ లేపాలని ఏ పుస్తకంలోనూ చదవలేదు. లేపలేదు.

తీసా నది మీదికి వచ్చాక ఆయన కళ్లు తెరిచారు. నది దాటగానే పెన్సిలు చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నారు.

"కొంచెం ఎడమకు తిప్పు, విదా" అన్నారు.

పొద్దున్నుంచి మీరు మీరు అంటున్న మనిషి నువ్వులోకి దిగేసరికి నా వీపు నిటారుగా అయింది. ఏదో రాబోతోంది అనుకున్నాను. తిప్పాను. కింద మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, చేల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి ఒంటరి ఇళ్లు. వాటిలో మల్బరీ చెట్ల వరస ఉన్న ఇంటిని ఆయన వేలితో చూపించారు.

"అక్కడ కిందికి దించు. చెట్ల ఎత్తుకి."

వచ్చింది. లాయోష్ చెప్పిన బోను ఇదే. "కుదరదండీ. నూట యాభై మీటర్ల కంటే కిందికి దిగను" అన్నాను.

"మా అన్న ఉంటాడు. చేలో నిలబడి ఉంటాడు."

"మనిషి ఉంటే అసలే కుదరదు."

"ఈ ఒక్కసారికి, తల్లీ."

ఆ ఒక్కసారి అనే మాట నాకు బాగా తెలిసిన మాట. సంచి ఎత్తి చూపించే ముసలమ్మలు అనే మాట. బస్సులో అయితే ఈపాటికి నా కాలు బ్రేకు మీద ఉండేది. ఒక్క క్షణం చెయ్యి మెత్తబడింది కూడా. వెంటనే లాయోష్, డిపో, ఆ నవ్వులు అన్నీ గుర్తొచ్చాయి. పక్కకు చూస్తే ఆయన కళ్లలో నీళ్లు. ఎంత నటన! ఇంత నటన చేతిలో పెట్టుకుని నాటకాల్లోకి పోకుండా మా ప్రాణాలు తియ్యడానికి వచ్చాడేమిటి ఈయన అనుకున్నాను.

"కుదరదని చెప్పాను" అన్నాను, చిల్లర లేని ప్రయాణికుడితో మాట్లాడినట్టు.

కింద చేలో నిజంగానే ఒక మనిషి ఉన్నాడు. ట్రాక్టరు పక్కన బట్టతల మీద ఎండ పడేలా, టోపీ చేత్తో పట్టుకుని పైకి చూస్తున్నాడు. నేను తిన్నగా పోనిచ్చాను. జివాన్ గారు మెడ తిప్పగలిగినంత తిప్పి, ఆ మల్బరీ చెట్లు కనుమరుగయ్యేదాకా అటే చూశారు. "సరే. పైలట్‌వి నువ్వే కదా" అన్నారు.

దిగాం. ఆయన నాతో ఒక్క ముక్క చెప్పకుండా రేగు చెట్ల కింద బల్ల దగ్గరికి నడిచి వెళ్లి కూర్చున్నారు. నేను విమానం దగ్గరే నిలబడిపోయాను. నెగ్గానా, తప్పానా? తప్పితే చెప్పాలి కదా. నెగ్గితే ఆ మొహం అలా ఎందుకుంది? ఇంతలో షెడ్డు వెనక నుంచి లాయోష్ బకెట్‌తో బయటికొచ్చి ఆయనవైపు చూశాడు. ఆయన తల ఎత్తకుండానే బొటనవేలు పైకి చూపించారు. బావి నీళ్లు నెత్తి మీద పడ్డాయి. మా క్లబ్బులో నెగ్గినవాళ్లకు జరిగే సత్కారం అదే.

నేను పైలట్‌ని. చెవుల్లోంచి నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు. ఆ నవ్వుతోనే ఆయన దగ్గరికి వెళ్లి, ఆ ఇంటి దగ్గర నన్ను పడగొడదామనుకున్నారు గానీ నేను పడలేదు చూశారా అని గొప్ప చెప్పుకున్నాను.

"అక్కడ పరీక్ష లేదమ్మా. తీసా దాటగానే పెన్సిలు జేబులో పెట్టేశాను. అప్పటికే నువ్వు నెగ్గావు" అన్నారు.

"మరి కిందికి దించమని..."

"అడిగాను. ప్రయాణికుడు అడుగుతాడు. పైలట్ కుదరదంటాడు. నువ్వు సరిగ్గానే చేశావు."

మరి పరీక్ష అయిపోయిందని ఎందుకు చెప్పలేదు, విమానం నడిపే కర్ర మీరే ఎందుకు అందుకోలేదు అని అడిగాను. చెబుదామనుకున్నారట గానీ, నేను కుదరదన్న తీరుకు నోరు పెగల్లేదట. ఇక కర్ర సంగతా? ప్రయాణికుడికి కర్ర ఇచ్చినవాళ్లనల్లా ఇన్నేళ్లు పరీక్షలో తప్పించిన మనిషి, ఆఖరి రోజున తనే లాక్కుంటే ఏం బాగుంటుంది అన్నారు.

ఆఖరి రోజేమిటి? లాయోష్‌ను షెడ్డు వెనక్కి లాక్కెళ్లి అడిగాను. జివాన్ కళ్లు పాడయ్యాయట. రేపటి నుంచి విమానం ముట్టుకోకూడదని డాక్టర్లు రాసిచ్చారట. ఆ ఇంట్లో ఉండేది నిజంగా అన్నేనట, పేరు స్తానొయె. తండ్రి పోయాక చెప్పకుండా గుర్రాలు అమ్మేశావని ఒకరు, అమ్మింది నేను కాదు నువ్వేనని ఒకరు. అప్పటినుంచి మాటల్లేవు. పెళ్లిళ్లకీ పోలేదు, చావులకీ పోలేదు. కానీ పొలాలకు మందు కొట్టే విమానం నడిపిన రోజుల నుంచి, జివాన్ అటు వెళ్లినప్పుడల్లా చెట్ల ఎత్తుకు దిగి రెక్కలు ఊపుతాడు. హోరు వినగానే స్తానొయె టోపీ తీస్తాడు. రెక్కలు ఊగాక పెట్టుకుంటాడు. వాళ్లిద్దరి మధ్య మిగిలింది అదొక్కటే.

"ఇవాళ రెక్కలు ఊగలేదుగా. మరి టోపీ పెట్టుకోడా?" అన్నాను.

"ఊగని రోజు ఇంతవరకు లేదు. నాకేం తెలుసు?" అన్నాడు లాయోష్.

బయట ఆగస్టు ఎండ మండిపోతోంది. నాకు లాయోష్ మీద కోపం వచ్చింది, అంతకంటే నా మీద వచ్చింది. జీవితమంతా అడిగిన ప్రతివాళ్లకీ బస్సు ఆపి, ఆపాల్సిన ఒక్క మనిషికి ఆపలేదు. అలాగని ఆపి ఉంటే తప్పు చేసినదాన్నయ్యేదాన్ని. సరిగ్గా చేసి కూడా ఇంత సిగ్గుగా ఎందుకుందో నాకు బోధపడలేదు.

తడవకుండా నా సీటు మీద ఒక పట్టా గుడ్డ పరిచి, ఆయన దగ్గరికి వెళ్లి ఎక్కండి అన్నాను.

"మళ్లీ దించనంటావు" అన్నారు.

"దించను. రెక్కలు ఊపకూడదని మాత్రం ఏ రూల్లోనూ లేదు. మీరు చెట్ల ఎత్తుకు దించమన్నారు గానీ, రెక్కలు ఊపమని అడిగారా?"

ఆయన నోరు కాస్త తెరుచుకుంది. "నాకు తోచనే లేదు" అన్నారు. అంత అనుభవం ఉన్న మనిషికి తోచలేదట. నాకు మాత్రం తోచిందా?

మీ లైసెన్సు ఇవాళంతా చెల్లుతుంది కదా అని బలవంతంగా లేవదీశాను. తడి బట్టలతోనే ఎగిరాను. తీసా దాటాను. నూట యాభై మీటర్ల కంటే కొంచెం పైనే ఉండి, మల్బరీ చెట్ల పక్కగా వచ్చాను.

ట్రాక్టరు అక్కడే ఉంది. స్తానొయె కూడా అక్కడే ఉన్నాడు, ఇందాక ఎక్కడున్నాడో అక్కడే. చేతిలో టోపీ, నెత్తిన ఎండ.

"ఇంతసేపా?" అన్నారు జివాన్ గారు. "ఇంతసేపూ ఎండలో నిలబడ్డాడా, పిచ్చి మనిషి."

కర్ర ఎడమకు వంచాను, కుడికి వంచాను, మళ్లీ ఎడమకు వంచాను. కింద స్తానొయె ఇంకాసేపు పైకి చూసి, టోపీ తలకు పెట్టుకుని, మెల్లగా ట్రాక్టరు ఎక్కాడు.