అటక మీది అమ్మకాలు

రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో సూర్యారావు అటక కింద నిలబడతాడు. అటక నిండా కురిడీ కోసం దాచిన కొబ్బరికాయలు. ఏడాదిపాటు కదపకుండా ఉంచితే లోపలి నీళ్ళు ఇగిరిపోయి, ఎండిన కొబ్బరి చిప్పని వదిలి, కాయలు మంచి రేటు పలుకుతాయి. షేర్లూ అంతేనని ఆయన నమ్మకం. కొని కదలకుండా కూర్చోవాలట.

ఆ నమ్మకంతోనే అరెకరం అమ్మి ఓ పెద్ద ఆసుపత్రుల కంపెనీ షేర్లు కొన్నాడు. చెయ్యి మంచిదని భార్య వీరాయమ్మ పేరున కొన్నాడు. ఆవిడకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. షేరు రెట్టింపు కాగానే ఆ కంపెనీ ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేయిస్తానన్నాడు. ఆ మాట అని నాలుగేళ్ళయింది. ఆవిడ పెరట్లోకి వెళ్ళాలన్నా గోడ పట్టుకోవాల్సిందే.

రెండువేల ఎనిమిదిలో అటక మోగడం మొదలెట్టింది. బొంబాయిలో పెద్ద ఫండ్లవాళ్ళు ఆ షేర్లు అమ్మినప్పుడల్లా కాయలు వాటంతటవే లొడలొడలాడేవి. ఎంత పెద్ద అమ్మకమైతే అంత మోత. శని, ఆదివారాలు మార్కెట్టుకి సెలవు కనక ఇల్లు నిమ్మళంగా ఉండేది. కాయల వ్యాపారి పెదబాబు అంబాజీపేట నించి వచ్చి, పైకి చూసి, "ఇవాళ గట్టిగానే అమ్ముతున్నట్టున్నారండీ" అని, తన బేరం తను మొదలెట్టేవాడు.

సూర్యారావుకి ఒళ్ళు మండిపోయింది. అమలాపురం వెళ్ళి బ్రోకరు వెంకటరాజుగారి మీద విరుచుకుపడ్డాడు.

"ఆసుపత్రుల్లో మంచాలు ఖాళీ లేవు, లాభాలొచ్చేయి. మరి ఈ ఫండ్లవాళ్ళకేం రోగమండీ?"

"కంపెనీకేం కాలేదండీ. వాళ్ళకి వేరేచోట డబ్బు అవసరం పడింది, ఇక్కడ తగ్గించుకుంటున్నారు. మీరూ కొన్ని వదిలించుకోండి."

"కురిడీని మధ్యలో కొడతామా అండీ? నేను అమ్మను."

రేటు దిగుతూనే ఉంది. ఇంట్లో మోతకి ఒకరి మాట ఒకరికి వినబడక అరుచుకోవాల్సి వచ్చేది.

"అమ్మేద్దామండీ! నా కాళ్ళు ఆగేలా లేవు!"

"నీకేం తెలుసే! పెద్దవాళ్ళు మళ్ళీ కొంటారు!"

ఇలాంటి మొండిమనిషితో ఎవరు వేగుతారు? వీరాయమ్మ నాలుగేళ్ళు వేగింది.

ఓ సోమవారం, నొప్పుల నూనె తెచ్చుకుంటానని ఆవిడ అమలాపురం ఆటో ఎక్కింది. మధ్యాహ్నం దాకా అటక అదిరిపోయి, ఉన్నట్టుండి ఆగింది. సూర్యారావు మొహం వెలిగింది. అమ్మకాలు అయిపోయాయన్నమాట!

అప్పుడు చూరు పక్కన ఒక్క కాయ, ఒకే ఒక్కటి, మెల్లిగా లొడలొడలాడింది.

"ఎవడో చిన్నవాడు, భయపడి అమ్ముకున్నాడు పాపం" అని నవ్వుకున్నాడు. ఆ మాట భార్యకి చెబుదామని వెనక్కి తిరిగాడు. ఇంట్లో ఎవరూ లేరు. నవ్వు ఆగిపోయింది. నూనెకైతే ఊళ్ళో కొట్టుంది కదా.

సాయంత్రం ఆటో దిగిన వీరాయమ్మ అరుగు దగ్గర ఆగింది. ఇవాళ కేకలు వెయ్యాల్సిన పనిలేదు.

"అమ్మేసేనండి. కుడికాలికి సరిపోతాయి. ఎల్లుండి కాకినాడ ఆసుపత్రికి రమ్మన్నారు."

తిడదామని నోరు తెరిచాడు. ఆవిడ కాళ్ళకేసి చూశాడు. ఎన్నాళ్ళనించి అంత వాచి ఉన్నాయో ఆయనకి తెలీదు.

"మరి ఎడమకాలో?"

"ఎడమవైపు మీరు పట్టుకోండి" అంటూ, అరుగు ఎక్కడానికి చెయ్యి చాపింది.