నాగప్ప పరిచిన బండలు

ఆ పుష్యమాసంలో రాయచెర్లు నాగప్ప ఇంట్లో కుంపటి కంటే రంగక్క కోపమే ఎక్కువ మండింది. ఆ కోపమంతా ఆమె మొగుడు పరిచిన బండల మీద.

ఆ ఇల్లు నాగప్ప తాత కట్టించింది. రాతి గోడలు, పైన చవుడు మట్టి పోసిన మిద్దె, వెలుతురు దిగడానికీ పొగ పోవడానికీ మిద్దెలో ఒక గవాచి. తలవాకిలి దాటగానే కుడివైపు మోకాలెత్తు అరుగులా మనుషులుండే చోటు, ఎడమవైపు పల్లంలో పశువులుండే చోటు. మధ్యలో గోడ లేదు, మేత వేసే గాడి ఒక్కటే అడ్డం. రెండెద్దులు, ఒక ఆవు, దాని దూడ అక్కడే తిని, అక్కడే పడుకుని నెమరు వేసేవి. చలికాలం వచ్చిందంటే వాటి ఒంటి వేడికీ ఊపిరికీ, కింద పరిచిన కసువు గడ్డి ముగ్గిన వేడికీ ఇల్లంతా గోరువెచ్చగా ఉండేది. దానికి దమ్మిడీ ఖర్చు లేదు. మైసూరు మహారాజుల కాలం అది. గుట్ట మీద కట్టె కొడితే అడవి కావలివాళ్ళు గొడ్డలి లాక్కుని పోయేవాళ్ళు. ఏరుకొచ్చిన కంప సంగటి ఉడకడానికే చాలేది కాదు, ఇక ఒళ్ళు కాచుకోవడానికి ఎక్కడిది? రంగక్క ఆరు కాన్పులూ ఆ గాడి పక్కనే అయ్యాయి. మూడో బిడ్డ పుట్టినప్పుడు అప్పటి ఎర్రావు మెడ చాచి బిడ్డ తల వాసన చూసిందని ఆమె ఎవరూ అడగకపోయినా చెబుతూ ఉంటుంది.

అలాంటి ఇంటిని నాగప్ప చేతులారా చల్లబరిచాడు.

దానికి కారణం వియ్యంకుడి ముక్కు. కూతురు గంగాదేవి సంబంధం మాట్లాడడానికి ఆయన పావగడ నుంచి వచ్చాడు. పేటలో బట్టల అంగడి ఉన్న మనిషి. ఇంట్లో అడుగు పెట్టగానే పేడ వాసనకు పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని, మళ్ళీ బండి ఎక్కేదాకా తీయలేదు. పెళ్లి జరిగింది, కూతురు సుఖంగానే ఉంది. కానీ నాగప్పకు మాత్రం ముద్ద ఎత్తినప్పుడల్లా ఆ పైపంచే కనబడేది. కడకు ఆ ఏడు కార్తీకంలో, కూతురు పురిటికి రాకముందే, దిబ్బ పక్కన ఒక కొట్టం వేసి పశువులను అక్కడికి తోలాడు. గాడి పగలగొట్టాడు. పల్లమంతా మట్టితో పూడ్చి, బండలు పరిచి, గోడలకు సున్నం కొట్టించాడు.

"సూడే, పేటోళ్ళ ఇల్లు మాదిరి ఉండాది" అని మురిసిపోయాడు.

"సలి రానీ, నీ పేట సంగతి తెలుస్తాది" అంది రంగక్క.

చలి వచ్చింది. దానితోపాటు నెల ముందే గంగాదేవి కాన్పు కూడా వచ్చింది. మగబిడ్డ. రెండు అరచేతుల్లో పడుకోబెడితే ఇంకా చోటు మిగిలేంత ఉన్నాడు. మంత్రసాని ఓబమ్మది పక్కిల్లే. పూటకోసారి వచ్చి బిడ్డ అరికాలు పట్టి చూసేది.

"అక్కా, వీనికి మందూ మాకూ ఏం వద్దు. ఎచ్చగ ఉంటే సాలు. ఒళ్ళు సల్లబడితే రొమ్ము పట్టడు, రొమ్ము పట్టకపోతే ఇంకా సల్లబడతాడు. అంతే" అని చెప్పింది.

రంగక్క చేయనిది లేదు. కుంపటి పెట్టింది. గవాచి తెరిచి ఉంచితే వేడంతా పైకి పోయేది. మూసేస్తే పొగ కమ్మి బిడ్డ దగ్గేవాడు, ఆ దగ్గుకు వాడి పెదాలు నల్లబడేవి. శెనక్కాయ పొట్టు మూట మూడు రోజుల్లో బూడిదైంది. ఇటుకలు కాచి గుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. అన్నం వార్చేలోపల అవి చల్లారిపోయేవి. కంబళి కప్పింది. కంబళి ఉన్న వేడిని పోనివ్వదు గానీ, లేని వేడిని ఎక్కణ్ణుంచి తెస్తుంది? అన్నిటికీ మించి ఆ బండలు. రాత్రంతా చలి తాగి, పొద్దెక్కేదాకా దాన్ని ఇంట్లోకి వదులుతూనే ఉండేవి.

తొమ్మిదో నాటి పొద్దున గంగాదేవి ఏడుపు గొంతుతో, "మా, నోట్లో పెట్టినా పట్టలేదు. నిద్దరపోతానే ఉండాడు" అంది.

రంగక్క బిడ్డ పాదం పట్టుకుంది. బావిలోంచి తీసిన గులకరాయిలా ఉంది.

ఆమె బిడ్డను కూతురి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేలా పెట్టి కంబళి చుట్టింది. పెరట్లోకి పోయి గడ్డపార తెచ్చింది. కొంగు నడుముకు బిగించి, మూల బండ సందులో గడ్డపార దించి పైకి లేపింది. సున్నం పెళ్ళలు లేచాయి. ఒకటి, రెండు, మూడు. యాభై దాటిన మనిషి, చేతులకు బొబ్బలెక్కుతున్నా ఆపలేదు. చప్పుడు విని ఓబమ్మ పరుగున వచ్చి, సంగతి అర్థమై, లేచిన బండలను గోడకు ఆనిస్తూ నిలబడింది.

చేనికి పోయిన నాగప్ప తిరిగొచ్చి వాకిట్లోనే కొయ్యబారిపోయాడు.

"ఏందే ఇది? పిచ్చి గాని పట్టినాదా?"

"నాకు గాదు, నీకు పట్టినాది, కార్తీకంలో. ఎద్దుల్ని లోపలికి తోలుకొని రాపో."

"ఎల్లుండి పురుడు! వియ్యంకుడొస్తాడు. మళ్ళా ముక్కు మూసుకుంటే నా మొగం యాడ పెట్టుకోవాల?"

"ఆయప్ప ముక్కు కోసరం నా మనవడు సలికి సావల్నా? పట్టుకో, వాని కాలు పట్టుకొని సూడు!"

నాగప్ప కూతురి దగ్గరికి పోయి, కంబళిలోకి వేలు పోనిచ్చి బిడ్డ పాదం తాకాడు. ముఖం మారింది. రంగక్క ఒక్క క్షణం గడ్డపార ఆపింది. ఇప్పుడన్నా ఈ మనిషి కదులుతాడనుకుంది.

"రెండు దినాలే గదా" అన్నాడు నాగప్ప మెల్లగా. "ఇంగో కుంపటి పెట్టు. ఆయప్ప వచ్చి పోయినాంక తోలుకొస్తా."

రంగక్క మళ్ళీ గడ్డపార ఎత్తింది.

"రెండు దినాలా? నువ్వు అంగీ ఇప్పి ఆ బండ మీద పండుకో. ఎవురూ కంబళి కప్పరు. తెల్లారినాంక లేసి సెప్పు, రెండు దినాలంటే ఎంతో!"

"పండుకో అన్నా, నేను సాప కూడా ఎయ్యను" అంది ఓబమ్మ.

నాగప్ప "ఆడోళ్ళ రాజ్జెమైపోయినాది ఈ ఇల్లు" అని గొణుక్కుంటూ బయటికి పోయి అరుగు మీద వీపు తిప్పుకుని కూర్చున్నాడు.

రంగక్క అతన్ని బతిమాలలేదు. పెకలించిన మేరకు మట్టి లాగి, కసువు పరిచి, ఓబమ్మను వెంటబెట్టుకుని కొట్టానికి పోయింది. ముందు దూడను తాడు పట్టి నడిపించింది. దూడ వెనకే ఆవు, పాత దారి మరిచిపోనట్టు, నేరుగా ఇంట్లోకి వచ్చి నిలబడింది. ఎద్దుల దగ్గరే చిక్కు వచ్చింది. పెద్దెద్దు నాగప్ప మాట తప్ప ఇంకెవరి మాటా వినదు. దాన్ని ఇద్దరూ ఈడ్చుకొచ్చి గడప దాటించారు. వాకిలి లోపలే ఇంకా లేపని బండలు నాలుగు ఉన్నాయి. వాటి మీద గిట్ట పెట్టగానే సర్రున జారింది. ముందుకాలు పక్కకు పోయి, ఎద్దు మోకాళ్ళ మీద పడబోయి బుసకొట్టింది.

"ఓయ్! ఇడిసిపెట్టండి! కాలు ఇరిగిపోతాది!"

నాగప్ప అరుగు మీంచి ఒక్క దూకు దూకి వచ్చాడు. తాడు లాక్కున్నాడు. భుజం మీది కంబళి తీసి బండల మీద పరిచాడు. గంగడోలు నిమురుతూ, "నా అయ్య, నా బంగారు, రా రా" అంటూ ఒక్కో అడుగే వేయించి కసువు మీదికి చేర్చాడు. వంగి దాని కాలు పైనుంచి కింది దాకా తడిమి చూశాడు. చూసి, హమ్మయ్య అనుకుని తల ఎత్తాడు.

ఎదురుగా రంగక్క గడ్డపార పట్టుకుని నిలబడి ఉంది.

"ఎద్దు కాలు జారితే ఉరికొచ్చినావే! కప్పుకున్న కంబళి పరిస్తివే!" అంది. "ఇందాక నీ మనవడి కాలు సేతిలో పెట్టుకొని రెండు దినాలు అంటివి."

ఓబమ్మ దూడను కట్టేయడానికి గుంజ వెతుక్కుంటూ పోయింది. నాగప్ప బయటికి పోయి రెండో ఎద్దును తోలుకొచ్చాడు. తరువాత రంగక్క చేతిలోంచి గడ్డపార తీసుకుని, మిగిలిన నాలుగు బండలూ లేపి, ఒక్కొక్కటే వీపున మోసుకుని వీధిలో వేశాడు. పోయేవాళ్ళు, వచ్చేవాళ్ళు "ఏం నాగప్పా, పేట ఖాళీ చేస్తాండావా?" అని అడుగుతుంటే తల ఎత్తలేదు. రంగక్క గడపలో నిలబడి ఆఖరి బండ దాకా చూసింది గానీ ఒక చెయ్యి వేయలేదు.

గంగాదేవి మంచాన్ని ఆవు వీపు తగిలేంత దగ్గరగా వేశారు. సాయంత్రానికి ఇంట్లో పాత వాసన వచ్చింది. దీపాలు పెట్టే వేళకు ఇంట్లో చలి విరిగింది. కుంపటి ఆర్పేసి, పొగ పోయేదాకా గవాచి తెరిచారు. బిడ్డ దగ్గు ఆగింది.

తెల్లవారి కోడి కూసే వేళకు బిడ్డ ఏడ్చాడు. పుట్టినప్పటినుంచి పిల్లిపిల్లలా మూలిగినవాడు మొదటిసారి ఇల్లు అదిరేలా ఏడ్చి, రొమ్ము దొరకగానే గటగటా తాగడం మొదలుపెట్టాడు. గంగాదేవి నవ్వుతూ ఏడ్చింది. రంగక్క బిడ్డ పాదం రెండు చేతుల్లో పట్టుకుని, దాని వేడి తన చేతులకు ఎక్కేదాకా వదల్లేదు.

ఎద్దులకు మేత వేస్తున్న నాగప్ప మెల్లగా దగ్గరికొచ్చాడు. ముఖం నిండా నవ్వు.

"తాగినాడా?" అన్నాడు.

రంగక్క తల తిప్పలేదు.

"ఎద్దు కాలు ఎట్లుండాదో పోయి సూసుకో" అంది.