బీరువాలో ఊపిరి

నేను ఒక గాలి యంత్రాన్ని. చూడ్డానికి టిఫిన్ డబ్బా అంత ఉంటాను. ఒంట్లో చిన్న ఫంకా, ముందు ఒక మెత్తటి గొట్టం, దాని చివర ముక్కుకు తగిలించుకునే మాస్కు. నాకు తెలిసిన పని ఒక్కటే. కొందరికి నిద్రలో గొంతు కండలు వదులై శ్వాసదారి మూసుకుపోతుంది. అలా మూసుకుపోకుండా గాలిని నెమ్మదిగా, ఎడతెగకుండా లోపలికి నెడుతుంటాను. ఎక్కడో సముద్రాలకవతల కర్మాగారంలో నన్ను బిగించి, అట్టపెట్టెలో పెట్టి పంపితే చిలకలూరిపేట చేరాను.

నన్ను కొన్నది పానకాలరావు గారు. పత్తి జిన్నింగు మిల్లులో మేనేజరు. గేటు దగ్గర ఆయన దగ్గితే లోపల కూలీలు సర్దుకుని నిలబడేవాళ్ళట. అలాంటి మనిషి కూర్చున్నచోటే కునికేవారు. పేపరు చదువుతూ, భోజనం ముందు, పెళ్ళిపందిట్లో తాళి కట్టే వేళ కూడా. చూసినవాళ్ళు “నిశ్చింత గల మనిషి” అని మెచ్చుకునేవాళ్ళు. రాత్రి ఆయన గురక పక్కింటికి వినబడేది. ఈ మనుషుల లెక్క చిత్రంగా ఉంటుంది. గురక ఎంత పెద్దదైతే నిద్ర అంత గొప్పదని వాళ్ళ నమ్మకం.

గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు హేమనళిని ఆయన నిద్రను పరీక్ష చేసింది. రాత్రంతా మాటిమాటికీ ఊపిరి ఆగిపోతోందనీ, గుండె అలసిపోతోందనీ చెప్పి నన్ను వాడమంది. ఆయన బుద్ధిగా కొన్నారు. ఇంటికి తెచ్చి, మాస్కు తగిలించుకుని, అద్దం ముందు నిలబడ్డారు.

“ఆసుపత్రిలో పడున్నోడిలా ఉన్నాను గదే” అన్నారు భార్య అనసూయమ్మతో. వెంటనే తీసేశారు. మర్నాడు బావమరిది వస్తున్నాడు. అతని కంట పడకూడదని నన్ను బీరువాలో, పట్టుచీరల వెనక పెట్టి తాళం వేశారు. బావమరిది వచ్చాడు, వెళ్ళాడు. తాళం మాత్రం తియ్యలేదు.

బీరువాలో చీకటి, కలరా ఉండల వాసన. ఆ బీరువా ఆయన పడకగదిలోనే ఉండేది. ఆయన గురక ఇనప తలుపులోంచి నాకు స్పష్టంగా వినబడేది. అది పెరిగి పెరిగి ఉన్నట్టుండి తెగిపోయేది. ఆ తర్వాత నిశ్శబ్దం. గురకకు విసుక్కునే ఇంట్లో ఆ నిశ్శబ్దమే అందరికీ సుఖంగా ఉండేది. నాకు మాత్రం భయం వేసేది. చాలాసేపటికి, నూతిలో మునిగినవాడు పైకి తేలినట్టు పెద్ద శబ్దంతో ఆయన గాలి పీల్చుకునేవారు. మళ్ళీ గురక. ఆ నిశ్శబ్దాన్ని ఆపడానికే నన్ను తయారు చేశారు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండి కూడా నేను చెయ్యగలిగింది ఏమీ లేదు. తాళం వేసి ఉంది. అనసూయమ్మ గారు అప్పుడప్పుడూ గుర్తు చేసేవారు. “వచ్చే వారం చూద్దాంలే” అనేవారాయన.

ఒక ఉదయం ఇంట్లో చప్పుళ్ళు వేరుగా వినిపించాయి. బల్లలు జరుపుతున్నారు, చాలా కాళ్ళు తిరుగుతున్నాయి, ఎవరో ఏడుస్తున్నారు. పానకాలరావు గారు లేవలేదు. వచ్చినవాళ్ళందరూ ఒకే మాట అన్నారు. నిద్దట్లోనే పోయాడు, పుణ్యాత్ముడు అని. 

కర్మకాండలు ముగిశాక అనసూయమ్మ గారు చీర కోసం బీరువా తెరిచి నన్ను చూశారు. నన్ను ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుండిపోయారు. తర్వాత ఒకనాడు సంచిలో వేసుకుని గుంటూరు వెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టారు.

“ఇది పెట్టుకునుంటే ఆయన ఉండేవారా అమ్మా?” అని అడిగారు.

“చెప్పలేనండీ. గుండె అప్పటికే దెబ్బతింది. కాకపోతే దాని మీద రాత్రంతా పడే బరువు తగ్గేది” అంది హేమనళిని.

ఆ మాట అనసూయమ్మ గారికి ఓదార్పూ కాలేదు, శిక్షా కాలేదు. నన్ను అక్కడే వదిలేసి వెళ్ళబోతుంటే డాక్టరు ఒక విషయం చెప్పింది. ఊళ్ళలో నిద్ర గురించి శిబిరాలు పెడుతున్నాననీ, ఎవరూ చెవిన పెట్టడం లేదనీ, మీరు వచ్చి జరిగింది జరిగినట్టు చెబుతారా అనీ అడిగింది. ఆవిడ వారం రోజులు ఆలోచించుకుని వస్తానన్నారు.

అలా నాకు కొత్త మాస్కు, కొత్త గొట్టం వచ్చాయి. బడి వరండాల్లో, పత్తి యార్డులో, చర్చి ఆవరణలో నన్ను బల్ల మీద పెట్టేవారు. ఆశా కార్యకర్త రాహేలు ఇంటింటికీ తిరిగి జనాన్ని పోగుచేసేది. డాక్టరు బొమ్మలు చూపిస్తుంటే వాళ్ళు ఆవులించేవాళ్ళు. అనసూయమ్మ గారు లేచాక ఆవులింతలు ఆగేవి.

“గురకంటే నిద్ర కాదమ్మా, గాలి కోసం పెనుగులాట. నేను పక్కనే పడుకుని విన్నాను. బాగా నిద్ర పట్టిందనుకున్నాను” అనేవారు. గొంతు ఎప్పుడూ పెంచలేదు.

లారీ స్టాండులో పెట్టిన శిబిరంలో డ్రైవర్లు నా గొట్టాన్ని చూసి ఏనుగు తొండమని నవ్వారు. నవ్వనివాడు ఒకడే, మస్తాన్‌రావు. మిరప బస్తాల లోడు తోలే మనిషి. స్టీరింగు పట్టుకునే కునుకు తీస్తున్న సంగతి అతనికీ, అతని భార్య నాగేంద్రానికీ మాత్రమే తెలుసు. ఓనరుకు తెలిస్తే బండి మీంచి దించేస్తాడని భయం. పరీక్షలో జబ్బు ముదిరిందని తేలింది. డాక్టరు నన్ను అతనికి ఇచ్చి, నిద్ర కుదుటపడేదాకా బండి తోలొద్దని గట్టిగా చెప్పింది. అతను తలూపాడు. మర్నాడే లోడెక్కించాడు. బండి ఆగినచోట పెట్టుకుంటానని నాగేంద్రాన్ని నమ్మించి నన్ను వెంట తీసుకెళ్ళాడు.

సాటి డ్రైవర్లు చూస్తారని నన్ను పనిముట్ల పెట్టెలో పడేశాడు. ఈసారి జాకీ, గ్రీజు గుడ్డలు నాకు తోడు. పట్టుచీరలైతేనేం, గ్రీజు గుడ్డలైతేనేం, మూత పడ్డాక చీకటి ఒక్కటే. బండి ఆగినప్పుడల్లా పైన అతని గురక మొదలయ్యేది, తెగేది. మళ్ళీ అదే నిశ్శబ్దం. ఈ శబ్దం ఎక్కడికి దారి తీస్తుందో నాకు తెలుసు. చెప్పడానికి నాకు నోరు లేదు.

ఒక మధ్యాహ్నం, మార్టూరు దాటాక, బండి పక్కకు ఒరిగింది. జాకీ వచ్చి నా ఒంటికి తగిలింది. పెద్ద కుదుపుతో అంతా ఆగిపోయింది. లారీ రోడ్డు దిగి బజ్జీల బండి పక్కన నిలిచింది. పొయ్యి ముందున్న ముక్కాలిపీట చక్రం కింద నలిగింది. దాని మీద కూర్చుని బజ్జీలు వేసే మనిషి నీళ్ళకని పంపు దగ్గరకు వెళ్ళి ఉంది.

మస్తాన్‌రావు ఓనరుకు కాదు, భార్యకు ఫోను చేశాడు. నాగేంద్రం ఆటో పట్టుకుని వచ్చింది. అతని మోచేతికి కారుతున్న రక్తం తుడవడానికి గుడ్డ కోసం పెట్టె తెరిచింది. నేను కనిపించాను.

“ఇదేందయ్యా, ఇక్కడుంది?”

అతను తల ఎత్తలేదు. “నలుగురూ నవ్వుతారనుకున్నానే.”

“ఆ పొయ్యికాడ మనిషుంటే ఎవురు నవ్వేవోళ్ళు?” అంది నాగేంద్రం.

అతను ఆ ముక్కాలిపీట వైపు చూసి ఏడ్చాడు. ఆ సాయంత్రమే ఓనరు దగ్గరకు వెళ్ళి తనే అంతా చెప్పేశాడు. ఓనరు నానా మాటలూ అని, తాళాలు లాక్కుని, గోదాములో బస్తాలు చూసుకోమన్నాడు. స్టీరింగు తప్ప ఇంకేదీ తెలియని మనిషికి ఆ గోడల మధ్య కాలం గడవలేదు.

ఇంట్లోనూ అంతే. నన్ను తగిలించుకున్నాడే గానీ, ముఖం మీద ఎవరో చెయ్యి అదిమినట్టుందని లాగి పారేసేవాడు. ఊపిరాడటానికి పెట్టుకున్నదే ఊపిరాడనివ్వడం లేదనేవాడు. రాహేలు, అనసూయమ్మ గారు అతని ఇంటికి వచ్చారు. పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకోమనీ, ఒంటికి అలవాటైతే నిద్రలో అడ్డం రాదనీ రాహేలు చెప్పింది. డాక్టరు మాస్కు కొలత మార్చింది. అతను తిట్టుకుంటూనే పెట్టుకున్నాడు. కొన్నాళ్ళకు ఒక పొద్దున లేచి, ఇల్లంతా ఎందుకింత వెలుతురుగా ఉందని నాగేంద్రాన్ని అడిగాడు. భర్త ఊపిరి కోసం ఏళ్ళ తరబడి మేలుకుని కాపలా కాసిన మనిషి, ఇంకా నిద్ర లేవలేదు.

లారీ స్టాండులో మళ్ళీ శిబిరం పెట్టినప్పుడు, అందరి ముందూ పడుకుని చూపిస్తానని మస్తాన్‌రావే అన్నాడు. గోదాములో పొద్దుటి పని ముగించుకుని వచ్చి, టార్పాలిను నీడలో నులకమంచం వాల్చి, నన్ను తగిలించుకున్నాడు. డ్రైవర్లు చుట్టూ మూగి ఎప్పటిలాగే తొండం కబుర్లు మొదలుపెట్టారు. కాసేపు కళ్ళు మూసుకుని లేద్దామనుకున్నవాడు నిజంగానే నిద్రపోయాడు. గురక లేదు. ఛాతీ మాత్రం పొంగుతూ, దిగుతూ ఉంది.

నవ్వులు తగ్గాయి. పక్క లారీలో ఒకతను హారను మీద చెయ్యి వెయ్యబోతే ఇంకొకతను ఆ మణికట్టు పట్టుకున్నాడు. ఎవరో రాహేలు దగ్గరకు వెళ్ళి, మిగతావాళ్ళకు వినపడకుండా, పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగారు. ఆ వెనక ఇంకొకరు.

టైము చాలా అయింది, లేపుదామా అని డాక్టరు అడిగింది.

“పడుకోనీమ్మా” అన్నారు అనసూయమ్మ గారు.

ఆవిడ కుర్చీ మంచం దగ్గరకు జరుపుకున్నారు. నా మాస్కుకు ముందువైపు సన్నటి రంధ్రాలుంటాయి. మనిషి వదిలిన ఊపిరి వాటిలోంచే బయటకు వస్తుంది. ఆవిడ అక్కడ అరచెయ్యి అడ్డుపెట్టారు. వెచ్చటి గాలి తగిలింది. ఆగింది. ఆవిడ వేళ్ళు బిగుసుకున్నాయి. మళ్ళీ తగిలింది. అతను లేచేదాకా ఆవిడ చెయ్యి తియ్యలేదు.