ముక్కు కింద చక్రం

నేను ఒక చక్రాన్ని. చక్రమనగానే బస్సుదో లారీదో అనుకునేరు, అంత సీను లేదు. మినపగింజంత ఉంటాను. యుద్ధ విమానం ముక్కు కింద ఉండే చక్రాన్ని. అదీ బొమ్మ విమానం. ఆ బొమ్మ కూడా మన దేశపు విమానానిది కాదు, అవతలివాళ్ళది. ఇన్ని తీసివేతలు పోగా మిగిలిందాన్ని నేను.

ఏ దేశంలో పుట్టానో సరిగ్గా తెలీదు. కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులో పోస్తే, చింతకొమ్మకి కాయల్లా ఒకే పుల్లకి రెక్కలూ, తోకా, సీటూ, నేనూ వేలాడుతూ బయటపడ్డాం. అట్టపెట్టెలో పడుకుని ఓడెక్కి వచ్చాం. దారిలో తుపానొచ్చి ఓడ ఒరిగిపోతుంటే నేను ఆ పక్కకి దొర్లి నిలబెట్టానని తరవాత చాలామందికి చెప్పాను. ఎవరూ నమ్మలేదనుకోండి.

చివరికి కాకినాడలో విశ్వపతిగారి చేతిలో పడ్డాను. ఆయన జగన్నాథపురంలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాడు. టైపు నేర్చుకునేవాళ్ళు కరువయ్యాక మిషన్లు అమ్మేసి, ఆ గదిలోనే బొమ్మ విమానాలు అతికించడం మొదలుపెట్టాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఈ జిగురు కంపుకి పీటలదాకా వచ్చిన పిల్ల కూడా పారిపోతుందండీ" అనేవాడు. అన్నా వదినా పోతే వాళ్ళబ్బాయి ప్రభంజన్‌ని ఈయనే పెంచాడు. ఆ కంపులో పెరిగిన కుర్రాడు నిజం విమానాలే నడపడానికి వెళ్ళిపోయాడు.

బొమ్మ విమానం పెట్టెలో ఒక కాగితం ఉంటుంది. ఏ ముక్క తరవాత ఏ ముక్క అతికించాలో బొమ్మలు గీసి చెబుతుంది. దాంట్లో ఒకచోట రెండు దారులుంటాయి. చక్రాలు కిందికి దించి నేలమీద నిలబెట్టొచ్చు. లేదా పొట్టకింద తలుపులు మూసేసి గాల్లో వేలాడదీయొచ్చు. ఏదో ఒకటే. ఆ ఇంట్లో ఎప్పుడూ రెండోదే. అది ప్రభంజన్ పెట్టిన చట్టం.

"కాళ్ళు పెట్టకు బాబాయ్. నేలమీదుంటే కోడిపెట్టలా ఉంటుంది" అనేవాడు.

అందుకని విమానాలన్నీ గాలపు నైలాను దారాలకి కప్పునుంచి వేలాడేవి. మేం చక్రాలం మాత్రం ఖాళీ ఆవకాయ సీసాలో ఉండేవాళ్ళం. ఇరవై విమానాల చక్రాలు, మనవీ అవతలివాళ్ళవీ కలిసిపోయి. మనుషులు సరిహద్దుల్లో ఇంకా కొట్టుకుంటున్నారుగానీ మా సీసాలో యుద్ధం ఎప్పుడో అయిపోయింది. మాలో ఒక్కరూ నేల తాకి ఎరగరు. అయినా కబుర్లన్నీ దిగడం గురించే. ఒకడు మంచులో దిగానంటాడు. ఇంకొకడు ఓడమీద. నేనైతే మండే రన్‌వేమీద దిగితే నా వెనక తారు మరిగి అప్పడంలా పొంగిందని చెప్పేదాన్ని.

విశ్వపతిగారు చివరగా చేస్తున్నది ప్రభంజన్ నడిపే విమానమే. సెలవుకి వచ్చినప్పుడు ఇద్దామని. తలుపులు మూసి, సందుల్లో లప్పం పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, బూడిదరంగు పూతమీద పూత వేశాడు. తోకమీద నంబరు రాసేటప్పుడు ఊపిరి బిగబట్టి, కుంచెని కాక తన్నే పట్టుకున్నట్టు కూర్చున్నాడు.

ఆ నంబరు ఆరకముందే ఫోను వచ్చింది. ప్రభంజన్ విమానం సముద్రం మీదికి వెళ్ళింది, తిరిగి రాలేదు. వెతికారు. చెక్కా ముక్కా ఏమీ దొరకలేదు. కొన్నాళ్ళకి వెతకడం మానేశారు.

ప్రభంజన్ భార్య హైమ కాకినాడ వచ్చేసింది. పొద్దున్నే లేచేది, బట్టలు మడతపెట్టేది, పప్పులో ఉప్పు సరిగ్గానే వేసేది. ఏడవలేదు. వీధిలోవాళ్ళు ఆవిణ్ణి ఏడిపించాలని ఎంతో మంచి మనసుతో వచ్చేవారు. "ఏడువమ్మా, ఏడిస్తే బరువు దిగుతుంది" అని పక్కింటావిడ గడ్డం పట్టుకుంటే, "కాఫీ తాగుతారాండీ?" అంది హైమ. పక్కింటావిడ తాగి, ఒకింత చిన్నబుచ్చుకుని వెళ్ళింది. నేను ప్లాస్టిక్‌దాన్ని కాబట్టి నాకా తీరు వింతగా అనిపించలేదు.

విశ్వపతిగారు మిగతా రంగు పూర్తిచేశాడు. హాల్లో కొత్త కొక్కెం కొట్టి విమానం వేలాడదీశాడు. హైమ వచ్చి దానికింద నిలబడింది.

"చినమావయ్యగారూ, ఇది ఎందాకా ఎగురుతుంది?"

"దారం తెగిందాకా" అన్నాడు అలవాటుకొద్దీ. అని నాలిక్కరుచుకున్నాడు.

"అది కాదండీ. లోపల పెట్రోలు ఎంతసేపుంటుందీ అని. రెండు గంటలకి మించి ఉండదనేవారు ఆయన. ఇన్నాళ్ళు పైనే ఉంటే ఎలా?" హైమ గొంతు పాలవాడితో మాట్లాడినట్టే ఉంది. "దీన్ని నేలమీద పెట్టండి. చక్రాలేవీ?"

"చక్రాలు పెట్టలేదమ్మాయ్. తలుపులు అతికించేశాను. ఇప్పుడు కోస్తే పొట్ట చీలిపోతుంది. ఇంకోటి చేసిస్తాలే."

"ఇంకోటి ఆయనది కాదుగా."

"పగిలిపోతేనో?"

"పగిలిందని తెలుస్తుంది. అదైనా తెలుస్తుంది కదండీ."

ఆయన కుర్చీ ఎక్కాడు. దారం కోసి, విమానాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, కొత్త బ్లేడుతో తలుపుల అంచులు గీయడం మొదలుపెట్టాడు. గీసి, ఊది, మళ్ళీ గీసి. ఒకచోట చిట్లిందిగానీ చీలలేదు. తరవాత మా సీసాని పేపరు మీద కుమ్మరించాడు. రెక్కలకింద పెట్టే రెండూ దొరికాయి. ముక్కు కిందది దొరకలేదు. ఏ చీపురో తీసుకుపోయి ఉంటుంది. ఒక్కొక్కరినీ పట్టుకారుతో ఎత్తి కొలిచి పక్కన పెట్టేస్తున్నాడు. మంచులో దిగినవాడు పనికిరాలేదు. ఓడమీద దిగినవాడూ అంతే. నేను సరిపోయాను.

"అమ్మాయ్, ఇది అవతలివాళ్ళ విమానానిదే."

"దిగనిస్తుందా?"

"దిగనివ్వకేం? ఇదీ గుండ్రంగానే ఉందిగా."

జిగురు ఆరాక భోజనాల బల్లమీద పెట్టాడు. చెయ్యి తీశాడో లేదో, టుక్కుమని తోక కిందికి పడి ముక్కు పైకి లేచింది. నేను గాల్లో ఉన్నాను. విమానం మళ్ళీ కప్పువైపే చూస్తోంది, బయల్దేరబోతున్నట్టు.

నేలమీద నిలబెట్టే బొమ్మకి ముక్కులో బరువు పెట్టాలి. అతికించకముందే పెట్టాలి. వేలాడేదానికి ఎందుకులెమ్మని ఆయన ఖాళీగా వదిలేశాడు. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఏ ముక్కులోనూ బరువు లేదు. విశ్వపతిగారు కుర్చీలో కూలబడ్డాడు. అలాంటప్పుడు ఒక వెటకారం విసిరే మనిషి. అదీ రాలేదు.

హైమ వేలు చాపి ముక్కుమీద ఆనించింది. విమానం నెమ్మదిగా వంగింది. నేను బల్లకి తగిలాను. వేలు తీస్తే మళ్ళీ లేచింది. మళ్ళీ ఆనించి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నేను పట్టుకునుంటాను. ఏదైనా ఉందేమో చూడండి."

ఆయన గాలపు దారాల డబ్బా వెతికి, గాలం మునగడానికి కట్టే సీసం గుళ్ళు తెచ్చాడు. చిన్న ముక్కలుగా కోశాడు. నా పక్కనున్న తలుపు సందులోంచి ఒక్కొక్కటే లోపలికి తోసి, పుల్లతో జిగురు పెట్టాడు. అంతసేపూ హైమ వేలు కదల్లేదు. దాని బరువు ముక్కులోంచి, పుల్లలాంటి నా కాలిమీదుగా నాలోకి దిగింది. అంతవరకు నేను ఎన్నో బరువులు మోశానని చెప్పుకున్నాను. బరువంటే అదని నాకు తెలీదు.

"ఇంక తియ్యమ్మా."

తియ్యలేదు.

"హైమా, నిలబడుతుందే. తీసి చూడు."

తీసింది. నిలబడ్డాం.

హైమ వంగి చెంప బల్లకి ఆనించింది. నా ఎత్తున కళ్ళు పెట్టి, నాకూ బల్లకీ మధ్య సందేమైనా ఉందా అన్నట్టు చూసింది.

"ఆనిందాండీ?"

"ఆనిందమ్మా."

విశ్వపతిగారు బ్లేడుకి కాగితం చుట్టి, చక్రాలన్నీ సీసాలోకి ఎత్తి, చెయ్యడానికి ఇంకేమీ లేక, "కాఫీ పెట్టనా?" అన్నాడు.

"మీకు రాదుగా."

"రాదు."

"పెట్టండి" అంది లేవకుండానే.

ఇప్పుడు నేను హాల్లో బీరువా మీదున్నాను. మిగతా విమానాలు ఇంకా పైనే ఊగుతున్నాయి. వాటి చక్రాలు సీసాలో ఇంకా ఓడలమీదా మంచులోనూ దిగుతూనే ఉంటాయి. నేను నిజంగా దిగినమాట వాటికి చెప్పాలనుంటుంది. తారు మరగలేదు, చప్పుడు కాలేదు, ఒక వేలి కింద జానెడు కూడా లేని ఎత్తునుంచి దిగానంటే ఏది నమ్ముతుంది? నా పాత కోతలే నాకు అడ్డం.

హైమ రోజూ దుమ్ము తుడుస్తుంది. తుడవడం అయ్యాక ముక్కుమీద ఒకసారి వేలు ఆనిస్తుంది. లోపల సీసం ఉంది, ఆనించక్కర్లేదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. ఆనించినంతసేపూ నేను బీరువాని గట్టిగా పట్టుకునుంటాను.