విల్ఫ్రిదో పామ్ చెట్టు

"మట్ట పడింది, నెరెయిదా" అన్నాడు మా ఆయన విల్ఫ్రిదో.

పడిన చప్పుడు నాకూ వినపడింది. వంటింట్లో ఉడికించిన అరటికాయలు మెదుపుతున్నాను. అతను వరండాలో కాఫీ తాగుతున్నాడు, మట్టకి నాలుగడుగుల దూరంలో. అయినా ఆ మాట నాతోనే అనాలి. ఈ ఇంట్లో పాలు పొంగినా, కుళాయి కారినా, మట్ట పడినా కబురు నాకే వస్తుంది. చెయ్యి కడుక్కుని, కత్తి తీసుకుని బయటికి వెళ్ళాను. రాయల్ పామ్ మట్ట అంటే కొబ్బరిమట్టలా ఒంటి చేత్తో ఈడ్చేసేది కాదు. నాకు రెండింతలుంటుంది. మొదలు దగ్గర తోలులా దళసరి డొప్ప. ముక్కలుగా నరికి, ఒక్కొక్కటీ వీధి చివరికి లాక్కెళ్ళి, ఆ తర్వాత చుట్టల ఫ్యాక్టరీకి పరిగెత్తాలి. ఆ ఫ్యాక్టరీలోనూ అంతే. చూడ్డానికొచ్చిన పర్యాటకుల ముందు బల్ల వేసుకుని చుట్టలు చుట్టేది ఒక మగమనిషి. ఆడవాళ్ళమందరం వెనక గదిలో.

మా ఊరు తంబొరిల్ మొత్తానికి అది విల్ఫ్రిదో చెట్టు. ఎవరిని దారి అడిగినా "విల్ఫ్రిదో పామ్ చెట్టు దాటాక ఎడమకి తిరుగు" అంటారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ అతను ఆ కథ చెప్తాడు. "ఈ చేతుల్తో నాటాను. మోచెయ్యంత ఉండేది. ఇప్పుడు చూడండి!" అబద్ధమేం కాదు. గొయ్యి తవ్వాడు, మొక్క పెట్టాడు, చేతులు కడుక్కున్నాడు. ఆ ఏడు వానల్లేక కుళాయిలు ఎండిపోతే, యానెలిస్ కడుపులో ఉండగా, వీధి చివరి నుంచి బకెట్లతో నీళ్ళు మోసింది నేను. చెట్టు ఇంటి చూరంత ఎదిగాక కొత్త ఆకులు పాలిపోయి, కాల్చిన కాగితంలా ముడుచుకుపోయి వచ్చాయి. అప్పుడు నర్సరీకి వెళ్ళి అడిగి, మాంగనీసు పొడి తెచ్చి నీళ్ళలో కలిపి మొదట్లో పోసింది నేను. మొవ్వు చచ్చిపోతుందేమోనని ఎంత బెంగపడ్డానో! చాలాకాలానికి ఒక మట్ట పచ్చగా విచ్చుకుంది. ఆ రోజు ఎవరికైనా చెప్పాలనిపించింది. విల్ఫ్రిదో అప్పటికే పక్కింటాయనతో "నా చెట్టు గట్టిపిండం" అంటున్నాడు. రాజధానిలో చదువుకుంటున్న యానెలిస్ ఇప్పటికీ ఫోన్లో అడుగుతుంది, "నాన్న చెట్టు ఎలా ఉందమ్మా?" అని. బాగుందే అంటాను.

ఒక ఆదివారం విల్ఫ్రిదో స్నేహితులు దొమినో ఆడడానికి చెట్టు నీడన బల్ల వేశారు. పక్కనే ఎండుమట్ట ఒకటి పడి ఉంది. "మగవాళ్ళు కూర్చునే చోట ఆ చెత్తేమిటే?" అంది మా అత్తగారు ఎవుఫేమియా కిటికీలోంచి. వెళ్ళాను. వంగి డొప్ప నరుకుతుంటే పైన చర్రుమని చీలిన చప్పుడు. తల ఎత్తేలోపు ఇంకో మట్ట మొదలు వచ్చి నా ఎడమ భుజాన్ని కొట్టింది. విల్ఫ్రిదో పరిగెత్తుకొచ్చాడు, ఎత్తుకున్నాడు, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు. కాదనను. కాని క్లినిక్‌లో డాక్టరుతో ఏమన్నాడు? "ఎన్నిసార్లు చెప్పానో డాక్టర్ గారూ, కింద నిలబడకు అని." అతను నాతో అలా ఎన్నడూ అనలేదు. అతనన్నది, మట్ట పడింది అని.

మెడ కింద ఎముక విరిగింది. చేతికి కట్టు కట్టి మెడకు వేలాడదీశారు. ఏమీ ఎత్తొద్దన్నారు. ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే సూపర్‌వైజర్ అడిగాడు: "కుడిచెయ్యి బాగానే ఉందిగా?"

కూర్చోవడం నాకు చేతకాలేదు. పైన చర్రుమంటే ఒళ్ళంతా లేచి నిలబడేది. వేళ్ళు కత్తి కోసం తడుముకునేవి. లేస్తాను, గుమ్మం దాకా వెళ్తాను, వెనక్కొస్తాను, మళ్ళీ లేస్తాను. ముంగిట్లో మట్టలు ఒకదానిమీద ఒకటి పేరుకుపోయాయి. గేటు తెరుచుకోవడం మానేసింది. దొమినో బల్ల ఇంకెవరింటికో వెళ్ళిపోయింది. "ఒక్క చేత్తో లాగలేవా?" అంది అత్తగారు. "మా రోజుల్లో బాలింతగా ఉండి కూడా పొగాకు కోతకెళ్ళేవాళ్ళం." నిజమే అయ్యుంటుంది. ఆ కోత గురించి చెప్పేటప్పుడు ఆవిడ ఎప్పుడూ తన అరచేతులకేసి చూసుకుంటుంది.

చివరికి విల్ఫ్రిదో ఒక మట్ట లాగాడు. ఒకే ఒకటి. నడుం పట్టేసిందని సాయంత్రం దాకా మందు రాయించుకుని బోర్లా పడుకున్నాడు. మర్నాడు ఇంకోటి పడింది. దాని వైపు చూసి, "ఇదేం చెట్టు! ఇంత చాకిరీ ఎవడు చేస్తాడు? కొట్టించేస్తాను" అన్నాడు. చెట్లు కొట్టే తోరిబియోకి కబురు పెట్టాడు, శనివారం రమ్మని.

నాకు సంతోషం వెయ్యాలి కదా. పీడ వదిలిందనుకోవాలి. అనుకోలేకపోయాను. ఆ మధ్యాహ్నం కుర్చీ ఒకటి ఒంటిచేత్తో ముంగిట్లోకి ఈడ్చుకుని, దూరంగా వేసుకుని, కూర్చుని తలెత్తాను. ఎన్నేళ్ళయింది దాని తల చూసి! ఎదిగాక నేను చూసిందల్లా రాలిందే. సిమెంటు స్తంభంలా నున్నటి మాను, దాని మీద ఆకుపచ్చటి మెడ, కొండగాలికి ఒక పక్కకి దువ్వినట్టు వంగిన మట్టలు. పుల్లలు తెచ్చి గూడు కడుతూ పిట్టలు ఒకటే కీచులాట. ఇంత అందం ఇంటిముందు పెట్టుకుని నేను నేల వైపే చూస్తూ బతికాను. అతను వరండాలో కూర్చుని రోజూ చూసింది ఇదన్నమాట. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఏది ముందొచ్చిందో తెలియదు.

శనివారం తోరిబియో తాళ్ళూ రంపమూ మోసుకొచ్చాడు. మాను మీద అరచెయ్యి వేసి కొట్టి చూశాడు.

"రోగమేం లేదు కదయ్యా. ఎందుకు కొట్టడం?"

"చాకిరీ, తోరిబియో. ఎవడు చేస్తాడు చెప్పు?"

నేను చెప్పులేసుకుని వరండా దిగాను. "కొట్టకండి, తోరిబియో గారూ."

"మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే నీకెందుకే?" అంది అత్తగారు లోపల్నుంచి.

తోరిబియో నన్నూ అతన్నీ మార్చి మార్చి చూశాడు. "ఎవరి మాట వినమంటారు? ఇంతకీ చెట్టెవరిది?"

విల్ఫ్రిదో నోరు తెరిచాడు. ఆ కథ మొదలుపెట్టబోతున్నాడని తెలుసు.

"నాది" అన్నాను. "చెట్టు నాది. మట్టలు ఇకనించి విల్ఫ్రిదోవి."

తోరిబియో నవ్వాపుకుంటూ తెచ్చిన తాళ్ళు తిరిగి చుట్టెయ్యడం మొదలుపెట్టాడు. విల్ఫ్రిదో నవ్వలేదు. ముంగిట్లో గుట్ట వైపు చూశాడు, నా కట్టు వైపు చూశాడు. దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా, బతిమాలుతున్నట్టు అడిగాడు.

"చెయ్యి బాగయ్యేదాకానే కదా, నెరెయిదా?"

"బాగయ్యాక కూడా" అన్నాను.